వైర్లు దాచడం ఆఖరి పని: టేబుల్ కింద, టీవీ వెనక

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఎత్తు పెంచి తగ్గించుకునే మోటారు టేబుల్, దాని మీద ల్యాప్‌టాప్, రెండు మానిటర్లు, చిన్న స్పీకర్లు, వెబ్‌క్యామ్ ఉన్నాయి. అదే గదిలో గోడకు బిగించిన 55 అంగుళాల టీవీ, దాని కింద సెట్‌టాప్ బాక్స్, గేమ్ కన్సోల్, సౌండ్‌బార్, రూటర్. ఇల్లు అద్దెది కాబట్టి గోడ పగలగొట్టలేరు. సొంతిల్లు కట్టుకుంటున్నారు, అక్కడ ముందే పైపులు వేయించాలని ఉంది. క్లిప్పులు, స్పైరల్ ట్యూబు, వైర్లు దాచే పెట్టె ఇప్పటికే కొన్నారు, అయినా చిక్కు విడలేదు. ఇంకేం కొనాలని అడిగారు.

ఇప్పుడే ఏమీ కొనకండి. దాచే సామాను మీ దగ్గర చాలినంత ఉంది, వాడిన వరుసే తప్పింది. వైర్లు ఎక్కువై, పొడవై ఉన్నప్పుడు వాటిని ట్యూబులో దూర్చితే పైన పటారం, లోన లొటారం అవుతుంది.

ఆఫీసు డెస్కులకు, మీటింగ్ గదుల్లోని తెరలకు వైరింగ్ చేయించడం నా పని. పని అయ్యాక అందరూ ఎదురుగా నిలబడి చూస్తారు. నేను మాత్రం టేబుల్ కిందికి దూరి ఒకటే చూస్తాను: ఏదో ఒక వైరు పట్టుకుంటే, మిగతా వాటిని కదపకుండా దాన్ని బయటికి తీయగలనా? తీయగలిగితే పని బాగుంది. లేకపోతే ఎంత అందంగా కనిపించినా బాగా లేనట్టే. మానిటర్ మారుతుంది, ల్యాప్‌టాప్ మారుతుంది, ఏదో ఒక కేబుల్ పాడవుతుంది. ఆ రోజు అన్నీ కోసి విప్పాల్సి వస్తే, మళ్ళీ కట్టే ఓపిక ఎవరికీ ఉండదు. నెల తిరిగేసరికి పాత గందరగోళమే. కింద నేను చెప్పేదంతా ఈ ఒక్క పరీక్షను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నదే.

మొదట అన్నీ పీకేయండి. నిజంగానే అన్నీ. పీకే ముందు టేబుల్ కింద, టీవీ వెనక రెండు మూడు ఫోటోలు తీసుకోండి, ఏది ఎక్కడ ఉండేదో తర్వాత అనుమానం రాదు. తర్వాత ఒక్కో పరికరం పెట్టి, దానికి నిజంగా కావాల్సిన వైరు మాత్రమే తగిలించండి. చివర్లో నేల మీద కొన్ని వైర్లు మిగులుతాయి. పాత ప్రింటర్‌ది, ఎప్పుడో మార్చేసిన మానిటర్‌ది, ఎందుకుందో ఎవరికీ తెలియనిది. చాలా టేబుళ్ళ కింద సగం చిక్కు వీటివల్లే.

ఇక పొడవు. మానిటర్‌తో పాటు పెట్టెలో వచ్చే కేబుల్ సాధారణంగా మీటరున్నర నుంచి 2 మీటర్లు ఉంటుంది, మీకు కావాల్సింది 80 సెంటీమీటర్లు కావచ్చు. మిగిలిన మీటరును చుట్ట చుట్టి ఎక్కడో దాచాలి. అలాంటి చుట్టలు ఆరేడు పోగయితే ఏ ట్రే అయినా నిండిపోతుంది. అందుకని దారం ఒకటి తీసుకుని, వైరు వెళ్ళాల్సిన దారి వెంట పరిచి, మలుపులతో సహా కొలవండి. దానికి ఒక జానెడు కలపండి. ఆ పొడవుకు దగ్గరగా దొరికే కేబుల్ కొనండి. మీరు డబ్బు పెట్టాల్సిన చోటు ఇదే, అందమైన పెట్టెల మీద కాదు. అలాగని బిగుతుగా కూడా వద్దు. వైరు లాగినట్టు ఉంటే సాకెట్ మీద భారం పడుతుంది, పోర్టు వదులవుతుంది. హెచ్‌డీఎంఐ పోర్టుకు పట్టి ఉంచే కొక్కెం ఏదీ ఉండదు, కాబట్టి దానికి ఈ దెబ్బ ముందుగా తగులుతుంది.

వైర్ల సంఖ్య తగ్గించడానికి మీ టేబుల్ దగ్గర మంచి అవకాశం ఉంది. ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీ-సీ పోర్టు ఉండి, అది వీడియోను, ఛార్జింగ్‌ను మోయగలిగితే, డాక్ (ఒక్క తీగతో ల్యాప్‌టాప్‌కు కలిసి, మిగతా పరికరాలకు పోర్టులిచ్చే పెట్టె) ఒకటి టేబుల్ కింద బిగించి మానిటర్లు, స్పీకర్లు, వెబ్‌క్యామ్, నెట్‌వర్క్ కేబుల్ అన్నీ దానికే తగిలించండి. పైకి కనిపించేది ల్యాప్‌టాప్‌కు వెళ్ళే ఒక్క తీగ. కొన్ని మానిటర్లలోనే ఈ డాక్ పని చేసే హబ్ ఉంటుంది, మీ మానిటర్ వెనక యూఎస్‌బీ-సీ పోర్టు ఉందేమో ముందు చూసుకోండి, ఉంటే డాక్ కూడా అక్కర్లేకపోవచ్చు. డిస్‌ప్లేపోర్ట్ అవుట్ (చిత్రాన్ని ఇంకో తెరకు పంపే పోర్టు) ఉన్న మానిటర్ అయితే మొదటి తెర నుంచి రెండో తెరకు గొలుసులా కలపవచ్చు. ఒక హెచ్చరిక: మ్యాక్ ల్యాప్‌టాప్‌లలో ఈ డిస్‌ప్లేపోర్ట్ గొలుసు రెండు వేరువేరు తెరలుగా పనిచేయదు, రెండింటి మీదా ఒకే బొమ్మ వస్తుంది. థండర్‌బోల్ట్ (యూఎస్‌బీ-సీ ఆకారంలోనే ఉండే ఇంకో వేగవంతమైన రకం) మానిటర్లయితే ఆ ఇబ్బంది లేదు.

యూఎస్‌బీ-సీ కేబుళ్ళు చూడటానికి అన్నీ ఒకటే, లోపల మాత్రం పోలిక ఉండదు. ఫోన్‌తో వచ్చే ఛార్జింగ్ కేబుళ్ళలో చాలావాటికి డేటా వేగం సెకనుకు 480 మెగాబిట్లే, వాటిలో వీడియో అసలు వెళ్ళదు. మామూలు కేబుల్ 60 వాట్ల దాకా కరెంటు మోస్తుంది, అంతకు మించి 100 లేదా 240 వాట్లు కావాలంటే దానికి ప్రత్యేకంగా గుర్తింపు చిప్ ఉన్న కేబుల్ ఉండాలి. 40 గిగాబిట్ల వేగానికి మామూలు కేబుళ్ళు మీటరు, అంతకన్నా తక్కువ పొడవులోనే ఉంటాయి. 2 మీటర్లు కావాలంటే యాక్టివ్ రకం, అంటే లోపల సిగ్నల్‌ను బలపరిచే చిప్ ఉన్నది కొనాలి. ట్రేలో కట్టేసిన తర్వాత రెండో మానిటర్ వెలగకపోతే ఎంత విసుగో అనుభవిస్తేనే తెలుస్తుంది. అందుకే కొత్త కేబుల్ ఏదైనా ముందు టేబుల్ మీదే పెట్టి ఒక పూట వాడి చూడండి, తర్వాతే కట్టండి.

ఇప్పుడు అసలు విషయం, కరెంటు. ఎత్తు మారే టేబుల్‌లో జనం ఇబ్బంది పడేది ఇక్కడే. ఎక్స్‌టెన్షన్ బోర్డు నేల మీద పెట్టి, ఎనిమిది వైర్లు టేబుల్ నుంచి కిందికి వదులుతారు. టేబుల్ పైకి లేచినప్పుడల్లా ఆ ఎనిమిదీ లాగబడతాయి, దిగినప్పుడు కుప్ప పడతాయి. దీనికి సూత్రం చాలా చిన్నది: టేబుల్‌తో పాటు కదిలేవన్నీ టేబుల్‌కే అంటిపెట్టుకుని ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు, అడాప్టర్లు, డాక్ అన్నీ టేబుల్ పలక అడుగుకు ఎక్కాలి. నేలకూ టేబుల్‌కూ మధ్య రాకపోకలు సాగించేది బోర్డు కరెంటు వైరు ఒకటి, కావాలంటే నెట్‌వర్క్ కేబుల్ ఒకటి, అంతే.

దీనికోసం పలక అడుగున వెనక అంచుకు దగ్గరగా జాలీ ట్రే ఒకటి బిగించండి. మోకాళ్ళకు తగలకుండా వెనక్కి ఉండాలి, కానీ గోడ వైపు అంచు దాకా వెళ్ళకూడదు, చెయ్యి పెట్టే చోటు ఉండాలి కదా. బిగించే ముందు టేబుల్‌ను పూర్తిగా కిందికి దించి చూడండి. టేబుల్ ఫ్రేమ్ అడ్డపట్టీ, మోటారు కంట్రోల్ పెట్టె ఉన్నచోట ట్రే వస్తే, దిగేటప్పుడు వైరు మధ్యలో నలిగిపోయే ప్రమాదం ఉంది. పలక మందం కూడా కొలవండి. 18 మిల్లీమీటర్ల పలకకు 20 మిల్లీమీటర్ల స్క్రూ బిగిస్తే పైన మొన తేలుతుంది. 12 మిల్లీమీటర్ల స్క్రూ తీసుకుని, ముందు సన్నటి రంధ్రం వేసి, చేత్తోనే బిగించండి. పార్టికల్ బోర్డులో డ్రిల్ యంత్రంతో బలంగా తిప్పితే పిండిలా రాలి పట్టు పోతుంది. టేబుల్‌కు రంధ్రాలు వేయడం ఇష్టం లేకపోతే అంచుకు సి-క్లాంప్‌తో పట్టించే ట్రేలు ఉన్నాయి. బరువైన అడాప్టర్లు మోయడానికి అవి అతుకుడు టేపు కన్నా వెయ్యి రెట్లు నయం.

ట్రేలో బోర్డును అటూ ఇటూ ఊగకుండా రెండు వెల్క్రో పట్టీలతో కట్టండి, సాకెట్లు మీ వైపుకు తిరిగి ఉండేలా. అడాప్టర్లను ఒకదాని మీద ఒకటి పేర్చకుండా పక్కపక్కన పరచండి. 100 వాట్ల అడాప్టర్ పూర్తి భారంతో నడిచేటప్పుడు సుమారు 10 వాట్లు వేడిగానే బయటికి వదులుతుంది. జాలీలో అది గాలికి పోతుంది. మీరు కొన్న మూసిన ప్లాస్టిక్ పెట్టెలో మూడు నాలుగు అడాప్టర్లు కుక్కితే ఆ వేడికి దారి ఉండదు. ఆ పెట్టెను పారేయక్కర్లేదు, వాడని వైర్లు దాచుకోవడానికి బాగుంటుంది.

కరెంటు లెక్క చూసుకోండి. ల్యాప్‌టాప్ 65 నుంచి 100 వాట్లు, 27 అంగుళాల మానిటర్ ఒక్కోటి 25 నుంచి 40 వాట్లు, స్పీకర్లు, డాక్ కలిపినా మీ టేబుల్ మీది సామాను మొత్తం 250 వాట్లు దాటడం కష్టం. 230 వోల్టుల దగ్గర 10 ఆంపియర్ల బోర్డు 2300 వాట్లు మోయగలదు, కాబట్టి ఇది దానికి భారమే కాదు. కానీ అదే బోర్డుకు గది హీటరో, లేజర్ ప్రింటరో తగిలించవద్దు, అవి నేరుగా గోడ సాకెట్‌కే. ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డుకు ఇంకో ఎక్స్‌టెన్షన్ తగిలించడం అసలే వద్దు. సాకెట్లు చాలకపోతే ఎక్కువ సాకెట్లున్న బోర్డు ఒక్కటే కొనండి. బోర్డు వైరు పొడవెక్కువైతే దాన్ని గట్టిగా చుట్టి కట్టేయకండి, చుట్టలో ఉన్న వైరు భారం మోసేటప్పుడు వేడి బయటికి పోక ఇన్సులేషన్ మెత్తబడుతుంది. మీ టేబుల్ భారానికి అంత దూరం రాదు, కానీ అలవాటు మంచిది కాదు, రేపు అదే బోర్డు ఇంకో పనికి వాడతారు.

నేలకు దిగే ఆ ఒక్క వైరుకు ఎంత వదులు ఉంచాలి? ఈ టేబుళ్ళు మామూలుగా 65 సెంటీమీటర్ల నుంచి 125 దాకా లేస్తాయి, అంటే 60 సెంటీమీటర్ల తేడా. టేబుల్‌ను పూర్తిగా పైకి లేపి, ఆ స్థితిలో వైరు ఇంకా కొంచెం వేలాడుతూ ఉండేలా పెట్టండి. కిందికి దించినప్పుడు అది వంపు తిరిగి కాలు పక్కకు ఒదగాలి. వెన్నుపూసల్లా అతుకులున్న కేబుల్ గొలుసు పెడితే ఈ వంపు ప్రతిసారీ ఒకే చోట పడుతుంది. తప్పనిసరి ఏమీ కాదు, టేబుల్ గది మధ్యలో ఉండి వెనక భాగం కనిపిస్తుంటే మాత్రం పెట్టించండి. మానిటర్లు అటూ ఇటూ తిప్పుకునే మానిటర్ ఆర్మ్‌లకు (లోహపు చేతులకు) బిగించి ఉంటే ఆ చేతుల కీళ్ళ దగ్గర కూడా ఇదే నియమం. చేతిని చివరిదాకా లాగి, అప్పుడు కేబుల్ కొలవాలి.

కట్టడానికి ప్లాస్టిక్ జిప్ టైలు కాదు, వెల్క్రో వాడండి. జిప్ టై 1958లో విమానాల వైర్ల కట్టల కోసం పుట్టింది. ఒకసారి బిగిస్తే మళ్ళీ విప్పే పని లేని చోటికి అది సరైన వస్తువు. టేబుల్ కింద ఏడాదికి రెండు మూడుసార్లు ఏదో ఒకటి మారుతుంది, ప్రతిసారీ కత్తెర పెట్టాలి, ఎప్పుడో ఒకసారి కత్తెర వైరుకు తగులుతుంది. పైగా బిగువు తెలియక నెట్‌వర్క్ కేబుల్ నడుము నొక్కుకుపోయేలా లాగేస్తారు. వెల్క్రో పట్టీ కింద వేలు దూరేంత వదులు ఉంటే చాలు. అన్ని వైర్లనూ కలిపి ఒకే లావు కట్ట కట్టకండి. మానిటర్ 1కి ఒక కట్ట, మానిటర్ 2కి ఒక కట్ట, ఇలా పరికరాన్ని బట్టి కట్టండి. నేను మొదట చెప్పిన పరీక్షలో నెగ్గేది ఇలా కట్టినవే. మీ దగ్గరున్న స్పైరల్ ట్యూబు ఇక్కడ పెద్దగా పనికిరాదు, దానిలోంచి మధ్యలో ఉన్న వైరును తీయడానికి మొత్తం విప్పాలి. టేబుల్ నుంచి నేలకు దిగే రెండు వైర్లకు చుట్టండి, అక్కడ బాగుంటుంది.

కరెంటు వైర్లు, డేటా వైర్లు పక్కపక్కన ఉంటే ఏదో అవుతుందని చాలామంది టెన్షన్ పడతారు. మీటరు రెండు మీటర్ల దూరాల్లో హెచ్‌డీఎంఐకి, యూఎస్‌బీకి, నెట్‌వర్క్ కేబుల్‌కు తేడా తెలిసేంత ఏమీ కాదు. పట్టించుకోవాల్సింది స్పీకర్లకు వెళ్ళే సన్నటి ఆడియో తీగను. అది కరెంటు వైరుకు, అడాప్టర్‌కు ఆనుకుని పోతే స్పీకర్లలో గుయ్యిమనే శబ్దం రావచ్చు. దాన్ని ట్రేకు రెండో అంచు నుంచి తీసుకెళ్ళండి, కరెంటు వైరును దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి. దీనికన్నా జనానికి తెలియని గొడవ ఒకటుంది. యూఎస్‌బీ 3 పోర్టులు, కేబుళ్ళు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుట్టిస్తాయి, ఇంటెల్ 2012లోనే దీనిమీద పత్రం విడుదల చేసింది. వైర్‌లెస్ మౌస్ రిసీవర్‌ను డాక్ వెనక యూఎస్‌బీ 3 పోర్టులో గుచ్చి, ఇనుప ట్రేలో దాచేస్తే మౌస్ ఆగి ఆగి కదులుతుంది. రిసీవర్‌ను చిన్న యూఎస్‌బీ 2 ఎక్స్‌టెన్షన్ తీగతో పలక అంచుకు తెచ్చి పెట్టండి, సమస్య పోతుంది.

క్లిప్పుల గురించి ఒక్క మాట. అవి ఊడిపోతున్నాయంటే తప్పు టేపుది కాకపోవచ్చు. అతికించే చోటును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరనిచ్చి, క్లిప్పును అరనిమిషం నొక్కి పట్టి, ఆ రోజంతా దానికి వైరు తగిలించకుండా వదిలేయండి. ఫోమ్ టేపు పట్టు మామూలు గది వేడిలో పూర్తిగా రావడానికి దాదాపు 3 రోజులు పడుతుంది. టేబుల్ అడుగున పూత లేని గరుకు చెక్క అయితే ఎన్ని చేసినా నిలవదు, అక్కడ స్క్రూ క్లిప్పే గతి.

ఇక గోడ టీవీ. అద్దె ఇంట్లో ముందు చేయాల్సింది టీవీ దాకా ఎక్కే వైర్లను లెక్కపెట్టి తగ్గించడం. సెట్‌టాప్ బాక్స్, కన్సోల్ రెండూ టీవీకే, సౌండ్‌బార్‌కు టీవీ మీద ఏఆర్‌సీ లేదా ఈఏఆర్‌సీ అని రాసి ఉన్న పోర్టు (టీవీ శబ్దాన్ని బయటికి పంపేది) నుంచి ఒక హెచ్‌డీఎంఐ. టీవీ కరెంటు వైరు ఒకటి. అంటే నాలుగు. సౌండ్‌బార్‌కు రెండు మూడు హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్లు ఉంటే బాక్స్, కన్సోల్ దానికే తగిలించి, టీవీకి ఒక్క హెచ్‌డీఎంఐ పంపవచ్చు. అప్పుడు రెండే. కాకపోతే కన్సోల్‌లో 4కే చిత్రాన్ని సెకనుకు 120 ఫ్రేములతో ఆడేవాళ్ళయితే ఆ సౌండ్‌బార్ అంత వేగాన్ని దాటనిస్తుందో లేదో చూసుకోవాలి. దాటనివ్వకపోతే కన్సోల్ మాత్రం నేరుగా టీవీకే.

ఆ రెండో మూడో వైర్లకు గోడ మీద అతికించే పీవీసీ కేసింగ్ పట్టీ చాలు. మూత తీసి పెట్టే రకం కొనండి, అందులో ప్లగ్గులు దూర్చే పని లేదు, వైరును పరిచి మూత నొక్కడమే. మధ్యలో అడ్డుగోడ ఉన్న రెండు అరల పట్టీ దొరికితే కరెంటు ఒక అరలో, మిగతావి రెండో అరలో. మీ వైర్లకు సరిపోయే సైజు కన్నా ఒక సైజు పెద్దది తీసుకోండి, మూత ఉబ్బితే దూరం నుంచే తెలిసిపోతుంది. టీవీ మధ్య నుంచి నిట్టనిలువుగా కిందికి దించండి. కొంతమంది దగ్గర దారి అని ఏటవాలుగా వేస్తారు, అది ఎంత సన్నగా ఉన్నా కన్ను అక్కడే ఆగుతుంది. గోడ రంగు కొంచెం మిగిలి ఉంటే, పట్టీ మీద సన్నటి గరుకు కాగితంతో రుద్ది అదే రంగు వేయండి. తెల్ల గోడ మీద తెల్ల పట్టీ కూడా రంగు వేయకపోతే వేరే తెలుపులో కనబడుతుంది.

సున్నం లాంటి పొడి రాలే గోడకు టేపు పట్టదు, అక్కడ రెండు మూడు చిన్న స్క్రూలు తప్పవు, ఇంటివాళ్ళను అడిగి వేయండి. మామూలు ఎమల్షన్ గోడ అయితే టేపు చాలు. ఖాళీ చేసేటప్పుడు లాగి పీకకండి, పెచ్చులు ఊడతాయి. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో వేడిచేసి, గట్టి నైలాన్ దారాన్ని పట్టీకీ గోడకూ మధ్య రంపంలా అటూ ఇటూ లాగితే టేపు తెగి వస్తుంది.

సెట్‌టాప్ బాక్స్‌ను టీవీ వెనకే అతికించేయవచ్చా అని చివర్లో అడిగారు. అతికించవచ్చు, మూడు షరతుల మీద. రిమోట్ ఇన్‌ఫ్రారెడ్ రకమైతే తెర వెనక ఉన్న బాక్స్‌కు అందదు, ఐఆర్ ఎక్స్‌టెండర్ తీగతో చిన్న కన్నును టీవీ అంచుకు తేవాలి. బ్లూటూత్ రిమోట్ అయితే ఆ గొడవ లేదు. రెండోది వేడి: బాక్స్ గాలి రంధ్రాలు గోడకు మూసుకోకూడదు. మూడోది గోడకూ టీవీకీ మధ్య జాగా. సన్నటి బ్రాకెట్‌తో 2, 3 సెంటీమీటర్లే ఉంటే బాక్స్ పట్టదు, కొన్ని టీవీల్లో వెనక్కి చూసే పోర్టులకు మలుపు లేని మామూలు హెచ్‌డీఎంఐ ప్లగ్గే పట్టదు. కన్సోల్‌ను మాత్రం వెనక పెట్టే ఆలోచన మానుకోండి, అది కింద గాలి ఆడే చోటే ఉండాలి.

రూటర్‌ను ఏ పెట్టెలోనూ దాచవద్దు. టీవీ వెనక లోహపు రేకు, టేబుల్ కింద ఇనుప ట్రే, రెండూ వైఫైకి అడ్డే. కనిపించినా ఫర్వాలేదు, ఎత్తులో బయట పెట్టండి, దాని వైర్లు మాత్రం దాచండి. ఫైబర్ కనెక్షన్ అయితే ఆ సన్నటి తీగను 3 సెంటీమీటర్ల వ్యాసార్థం కన్నా చిన్న వంపులో మడవకండి. దాని మీద వెల్క్రో బిగించడం కూడా వద్దు. లోపల ఉన్నది గాజు.

కొత్తింటి విషయానికి వస్తే, గోడ పూత పూయక ముందు పెట్టే పైపే మీకు పదేళ్ళు పనికొస్తుంది, అందులో ఈ రోజు వేసే కేబుల్ కాదు. అందుకని కేబుల్ గురించి కాకుండా పైపు గురించి ఆలోచించండి. టీవీ వెనక నుంచి కింద క్యాబినెట్ వెనకకు 50 మిల్లీమీటర్ల పైపు వేయించండి. ఎలక్ట్రీషియన్ 25 చాలంటారు. ఆయన దృష్టిలో వైర్లుంటాయి, ప్లగ్గులు ఉండవు. హెచ్‌డీఎంఐ తల ప్లాస్టిక్ పట్టుతో కలిపి సుమారు 2 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. 25లో ఒక తల నిటారుగా ఏదోలా దూరుతుంది, కానీ మలుపు తిరగదు. ఒక కేబుల్ ఉండగా రెండోది అసలు దూరదు. మలుపు దగ్గర చటుక్కున తిరిగే ఎల్బో వద్దు, పొడవాటి బెండు వేయమనండి. రెండు చివరలా లోతైన పెట్టెలు పెట్టించండి. పైపులో నైలాన్ తాడు ఒకటి శాశ్వతంగా వదిలేయండి, కొత్త కేబుల్ లాగిన ప్రతిసారీ దాంతోపాటు ఇంకో తాడు కూడా లాగాలి. పైపు నిండా కుక్కకండి, లోపలి జాగాలో 40 శాతం దాటితే తర్వాత లాగడం నరకం.

కరెంటుకు వేరే పైపు, వేరే పెట్టె. టీవీ వెనకే సాకెట్ రావాలి, దాని స్విచ్ చేతికందే చోట. టీవీతో వచ్చిన మెత్తటి కరెంటు తీగను గోడలోకి దూర్చి కింద ప్లగ్ పెట్టడం మాత్రం ఒప్పుకోకండి, పనివాళ్ళు తేలిక అని చేసేస్తుంటారు. ఆ తీగ గాలిలో వాడటానికి చేసింది. గోడలో దానికి వేడి పోయే దారి ఉండదు, పాడైనా కనిపించదు, రేపెవరో మేకు కొడితే అంతే. అమెరికాలో పాటించే నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ అలాంటి తీగను గోడలో దాచడాన్ని సూటిగా నిషేధిస్తుంది. గోడలో ఉండాల్సింది ఇంటి మిగతా వైరింగ్‌లో వాడే వైరే, అదీ ఎలక్ట్రీషియన్ చేత్తోనే.

సాకెట్ సరిగ్గా టీవీ మధ్యలో కాకుండా ఒక పక్కకు పెట్టించండి, మధ్యలో బ్రాకెట్ పలక వచ్చి దాన్ని మూసేస్తుంది. పెట్టె గోడలోకి లోతుగా ఉంటే ప్లగ్ బయటికి పొడుచుకు రాదు, టీవీ గోడకు దగ్గరగా కూర్చుంటుంది. పూత పూసే ముందు ప్రతి గోడకూ కొలత టేపు పరిచి కొలతలు కనబడేలా ఫోటో తీయండి. బ్రాకెట్‌కు రంధ్రాలు వేసే రోజు ఆ ఫోటోయే మీ పైపును కాపాడుతుంది.

ఆ పైపులో ఏ కేబుల్ అంటే, 3 మీటర్ల దాకా అల్ట్రా హై స్పీడ్ అని సర్టిఫికేషన్ లేబుల్ ఉన్న మామూలు రాగి హెచ్‌డీఎంఐ చాలు, అది 48 గిగాబిట్ల దాకా మోస్తుంది. 5 మీటర్లు దాటితే ఆప్టికల్ హెచ్‌డీఎంఐ (రాగి బదులు కాంతితో సిగ్నల్ పంపేది) వైపు చూడండి. అది ఒక దిశలోనే పనిచేస్తుంది, ఒక తల మీద సోర్స్ అని, ఇంకో తల మీద డిస్‌ప్లే అని రాసి ఉంటుంది. తిరగేసి లాగితే తెర నల్లగా ఉంటుంది, కేబుల్ పాడైందనుకుని వెనక్కి పంపేవాళ్ళు ఉన్నారు. దీంతోపాటు క్యాట్ 6 నెట్‌వర్క్ కేబుళ్ళు రెండు లాగించండి. ఒకటి టీవీకి, ఒకటి ఖాళీగా.

అన్నీ అయ్యాక ప్రతి వైరుకు రెండు చివరలా చీటీ అంటించండి. ఒక చివరే అంటిస్తే ఏం లాభం, ప్లగ్ ఉన్నచోట ఎలాగూ ఏదో తెలుసు, తెలియనిది రెండో చివరే. తర్వాత అన్నీ ఆన్ చేసి ఒక గంట నడవనివ్వండి, ట్రేలో చెయ్యి పెట్టి అడాప్టర్లు ముట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి ఆనించలేనంత వేడిగా ఉంటే దాని పక్కన జాగా పెంచండి. టేబుల్‌ను ఒకసారి పైకి, ఒకసారి కిందికి పూర్తిగా నడిపించండి. కేసింగ్ మూతలు మాత్రం వారం ఆగి మూయండి, ఈలోపు ఏదో ఒకటి మార్చాలనిపిస్తుంది.

టీవీ వెనక పోర్టులు పక్కకు చూస్తున్నాయా, వెనక్కి చూస్తున్నాయా, బ్రాకెట్‌కూ గోడకూ మధ్య ఎన్ని సెంటీమీటర్లు ఉందో కొలిచి చెప్పండి. ఎల్ ఆకారపు హెచ్‌డీఎంఐ ప్లగ్ కావాలో లేదో, కావాలంటే ఏ వైపుకు తిరిగేది కొనాలో అప్పుడు చెబుతాను. వాటిలో పైకి తిరిగేవి, కిందికి తిరిగేవి వేరువేరుగా ఉంటాయి, చూడకుండా కొంటే వైరు టీవీ పైనుంచి తొంగిచూస్తుంది.